అడవి గోధుమకు సంసారం నేర్పినవాడు

మొన్న ఆదివారం తమిళ దినపత్రిక అనుబంధంలో సగం పేజీ వ్యాసం పడింది. గోధుమకు ముత్తవ్వ లాంటి ఒక అడవి గడ్డి జన్యుక్రమాన్ని శాస్త్రవేత్తలు మొదటి నుంచి చివరిదాకా చదివేశారట. పక్కన ఆ గడ్డి బొమ్మ. కింద రచయిత పెట్టిన నమస్కారం. తాకితే రాలిపోయే కంకుల మధ్య రాలని కంకిని వెతికి, దాని గింజలు విత్తనానికి దాచిన ఆ పేరు తెలియని మొదటి మనిషికి మానవజాతి అంతా చేతులెత్తి మొక్కాలట.

టీ గ్లాసు పక్కన పెట్టి ఆ మాటను మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. అదే పని వేల ఏళ్ళ కిందట చేసినవాడికైతే పేరు తెలియకపోయినా మొక్కుతారు. మా ఊరి ఒర్లియంపేటలో ఉంటూ, రేషను కార్డూ ఓటరు కార్డూ ఉన్నవాడు చేస్తే మెమో ఇస్తారు. పోయిన తమిళుల ఆడి నెలలో చనిపోయిన మా బావ సంగతి చెబుతున్నాను.

బావ అంటే చుట్టం కాదు. నేను పనిచేసిన మిల్లు మూతపడ్డాక, నా ఐదో తరగతికి ఎవరూ పని ఇవ్వక, పాత ఫ్రిజ్జులు విప్పి బిగిస్తూ నాకు నేనే మెకానిక్కునయ్యాను. ఊరి చివర ఒక పరిశోధన సంస్థలో చల్లగదుల యంత్రాలు చూసుకునే కాంట్రాక్టు దొరికింది. మొదటిరోజు కంప్రెసర్ కింద పడుకొని దాన్ని తెలుగులో తిడుతుంటే తలుపు సందులోంచి ఒక తల లోపలికి వంగింది.

"ఏంది, మనోళ్ళా?"

"నీకెట్టా తెల్సు?"

"ఆ తిట్టు మా యత్త తిట్టే తిట్టు. అయితే నువ్వు నాకు బావవే."

ఆ రోజు నుంచి నాకు అతను బావ, అతనికి నేను బావ. సంస్థలో మిగతా తమిళులందరికీ అతను 'అణ్ణే', అంటే అన్న. మెడలో వేలాడే పాసు మీద మాత్రం పేరుకన్నా పెద్ద అక్షరాలతో దినకూలి అని ఉండేది. ఆ పాసు మీద ఏముందో అతను చదవలేడు. తెలుగు అక్షరం రాదు, ఇంగ్లీషు అక్షరం రాదు, తమిళంలో బస్సు బోర్డులు మాత్రం పోల్చుకునేవాడు.

చేతులు చూస్తే మనిషి అర్థమయ్యేవాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఊరికే ఉండేవి కావు. బీచి రోడ్డు మీద నడుస్తూ కూడా, గోడ పగుల్లో మొలిచిన గడ్డికి వంగి, దాని కంకిని రెండువేళ్ళ మధ్య పట్టి, మెల్లగా పైకి నిమిరి వదిలేసేవాడు. నాడి చూసే వైద్యుడి మొహం ఉండేది అప్పుడు. పెళ్ళి భోజనంలో అన్నం మెతుకు నలిపి, "కొత్తొడ్లు బావా, అందుకే ముద్దయిపొయ్యింది" అని వంటవాడికి వినపడేట్టు చెప్పేవాడు. ఆదివారాలు వైతికుప్పంలో నా అద్దెగదికి వచ్చి, ఒడ్డున కూర్చొని, వలలు బాగుచేసుకునేవాళ్ళను చూస్తూ నిట్టూర్చేవాడు.

"వీళ్ళకి చూడు, విత్తనం దాచే పనే లేదు. సముద్రమే దాచిపెడతాది. ఎంత సుఖమో!"

సొంతూరు ఏంబలంలో పొలం ఉన్నంతకాలం వాళ్ళింట్లో విత్తనం దాచింది వాళ్ళమ్మ. కోతకు ముందు ఆమె చేలో అడ్డంగా నడుస్తూ కంకులు నిమిరేదట. చేతికి రాలినవి వదిలేసి, రాలకుండా నిలిచినవాటికి దారం కట్టేది. దారం కట్టినవే విత్తనం. నేల మీద పడ్డ గింజ కోళ్ళకు. ఈ పిల్లవాడు ఆమె వెనకాలే నడిచాడు. అతని చదువంతా అదే. ఆ తర్వాత పొలం పోయింది, పట్నం వచ్చాడు, ఈ సంస్థలో మొక్కలకు నీళ్ళు పోసే కూలీగా చేరాడు.

ఆ మొక్కలే ఈ అడవి గోధుమలు. ఎక్కడో ఎండిన కొండల దేశంలో ఏరుకొచ్చిన గింజల పొట్లం ఒకటి ఈ సంస్థ చేతికి వచ్చింది. మా ఊరి ఉక్కకు ఆ మొక్క ఒక్కరోజు బతకదు. అందుకని దానికి చల్లగది, గదిలో దీపాలు, దీపాలకు గడియారం. దాని జన్యుక్రమం చదవడానికి నిధులు కావాలని పైకి రాశారు. నిధులు వచ్చేదాకా ఏటా ఒక పంట వేసి విత్తనం బతికించాలి. ఆ 'వచ్చేదాకా' పంతొమ్మిదేళ్ళు పట్టింది.

బావ ఆ మొక్కను అల్లుడు అనేవాడు. "దూరదేశమోడు, ఏసీ లేకపోతే నిద్రపట్టదు, తాకితే అలుగుతాడు. అల్లుడు గాక ఇంకేంది?" నిజంగానే తాకితే అలిగేది. అడవి గోధుమ కంకి పండిందంటే చాలు, వేలు తగిలితే కణుపు కణుపుకూ విరిగి మీసాలతో సహా నేలపాలవుతుంది. మనకు గింజ అందకూడదనేదే దాని పట్టుదల. ఈ అల్లుడికి పద్దెనిమిది డిగ్రీల చల్లదనం. మామగారు కూర్చొని అన్నం తినే వరండాలో ఫ్యాను కూడా లేదు. అన్నేళ్ళు గోధుమను సాకినవాడు చపాతీ ముట్టేవాడు కాదు, అది జ్వరమొస్తే తినేదని అతని నమ్మకం. చివరికి చక్కెర జబ్బు వచ్చి, రాత్రిపూట చపాతీయే తినమని ఆసుపత్రిలో చెబితే, "అల్లుడు పగబట్టినాడు బావా" అన్నాడు.

దినకూలిని ఏకబిగిన ఉంచుకుంటే పర్మనెంటు చెయ్యమని అడుగుతాడని భయం గనక, మూణ్ణెల్లకొకసారి ఒకరోజు పని లేదనేవారు. మరునాడు మళ్ళీ కొత్తగా చేర్చుకునేవారు. మొక్కకు ఆ నియమం తెలియదు కదా, ఆ రోజు కూడా దానికి దాహం వేసేది. అందుకని బావ ఆ రోజు విజిటరుగా వచ్చేవాడు. గేటు దగ్గర పుస్తకంలో రాయాలి.

"ఎవరిని చూడాల అణ్ణే?" అని గార్డు అడిగేవాడు.

"అల్లుణ్ణి."

"ఏం పని?"

"నీళ్ళియ్యాల."

గార్డు నవ్వుకుంటూ, వ్యక్తిగత పని అని రాసుకునేవాడు. అతను రోజూ చేసే పని అదొక్కరోజు వ్యక్తిగతమయ్యేది. పంతొమ్మిదేళ్ళలో ఆ విజిటర్ పుస్తకాలను ఏ పెద్దమనిషీ తిరగేసి చూడలేదు.

అతనికి ఉన్న కోరిక ఒకటే. ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఎక్కువ కాలం అక్కరలేదు. "ఒక్క నెల పర్మనెంటుగా ఉండి రిటైరైతే చాలు బావా. ఇంటి ముందర బోర్డు పెట్టుకుంటా, నా పేరు, కింద రిటైర్డ్ అని" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గాని, దినకూలికి రిటైర్మెంటు ఉండదు, ఒకరోజు రావద్దంటారు, అంతే. అది అతనికి బాగా తెలుసు.

ఈ పనికి పెద్ద ఒక శాస్త్రవేత్త. అందరూ డాక్టర్ సార్ అనేవారు. కృష్ణా జిల్లా మనిషి, తెలుగువాడే. బావ "యాడ పెట్టేది సార్?" అంటే, "ఇదేం తెలుగయ్యా బాబూ!" అని పక్కవాళ్ళకు చెప్పి నవ్వేవాడు. మంచివాడే, కాకపోతే గదిలోకి వచ్చింది తక్కువ. తలుపుకు ఒక కాగితం అంటించాడు. పండిన ప్రతి గింజనూ పోగుచెయ్యాలి, ఏరకూడదు, అన్నీ కలిపి చూడకుండా పిడికెడు తీసి మళ్ళీ విత్తాలి, అడవిది అడవిగానే ఉండాలి. అంతా ఇంగ్లీషులో ఉంది. చదవలేనివాడి తలుపుకు అంటించి, చెప్పాల్సింది చెప్పానని సంతకం పెట్టుకున్నాడు.

మొదటి రెండేళ్ళు ప్రతి కంకికీ ఒక గుడ్డసంచి కట్టేవారు. రాలినా అందులోనే రాలేది, ఒక్క గింజ పోయేది కాదు. మూడో ఏట సంచులు చిరిగిపోయాయి. కొత్తవాటికి బావ అడిగాడు. ఫైలు స్టోర్సుకు వెళ్ళింది. గుడ్డసంచి ఏ పద్దు కిందికి వస్తుందని స్టోర్సువాళ్ళు అడిగారు. జౌళి కిందనా, ప్యాకింగు కిందనా, ప్రయోగశాల సామాను కిందనా? ఆ ప్రశ్న ఇప్పటికీ అక్కడే ఉంది. ఈలోగా ఆఫీసు ఉత్తరాల కవర్లు పంపారు. గది తేమకు అవి రెండోరోజే అప్పడాల్లా మెత్తబడి ఊడిపోయాయి.

కంకులు పండాయి, గింజలు నేల మీద రాలాయి. అదే వారం తనిఖీ వచ్చింది. ఎలుకలొస్తాయి, నేల మీద ఒక్క గింజ కనపడకూడదని డాక్టర్ సారే కేకలేశాడు. బావ ఊడ్చాడు. ఊడ్చినదాన్ని కాల్చెయ్యమన్నారు, కాల్చాడు. మొక్క మీద ఏ కొన్ని కంకులు విరగకుండా నిలిచాయో వాటి గింజలు డబ్బాలో దాచి, మరుసటి ఏడు అవే విత్తాడు. వాళ్ళమ్మ చేసిందీ అదే కాబట్టి, తను ఏదో మారుస్తున్నానని అతనికి తోచనే లేదు. ఏ ఏటికి ఆ ఏడు నాలుగు కంకులు ఒక డబ్బాలో నమూనాగా ఉంచి, డబ్బాకు రంగుదారం కట్టేవాడు. ఏ రంగు ఏ ఏడో అతనికే తెలుసు.

చివరికి నిధులు వచ్చాయి. ఆకులు కోసి మంచుపెట్టెలో పెట్టి ఎక్కడికో పంపారు. కొన్ని నెలలకు ఫలితం వచ్చింది, డాక్టర్ సార్ కాళ్ళు నేల మీద నిలవలేదు. అందరికీ మైసూరుపాకు పంచాడు. చక్కెర జబ్బు ఉందంటున్నా వినకుండా బావ నోట్లో తనే ఒక ముక్క పెట్టాడు.

"శుక్రవారం పత్రికలవాళ్ళు వస్తారు, మంత్రిగారు వస్తారు. అది అయిపోనివ్వు. సోమవారం నీ పర్మనెంటు ఫైలు నేనే పట్టుకెళ్తాను. నా మాట!" అన్నాడు.

బావ రెండుచేతులా మొక్కాడు. అది మంగళవారం.

బుధవారం సిబ్బందిని అందరినీ కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు వేసి, ఇంగ్లీషులో తన ప్రసంగం ముందుగా చదివి చూసుకున్నాడు. వెనక బల్ల మీద బావా నేనూ. అతను గిల్లి గిల్లి అడుగుతుంటే, యంత్రాల పుస్తకాలు తిరగేసి నేర్చుకున్న ఇంగ్లీషుతో నాకు అర్థమైనంత అతని చెవిలో చెబుతున్నాను.

"అడవి గోధుమ కంకి విరిగి రాలిపోవాల గదా, ఈ మొక్కలో ఆ రాల్చే జన్యువు చెడిపోయుండాదంట."

"సరే, అప్పురం? తర్వాతేంది?"

"మనిషి చెయ్యి తగలకుండా, అడవిలోనే, తనంతట తానే రాలకుండా ఉండే గోధుమ పుట్టిందంట. లోకంలో ఎవురూ చూడలేదంట. పెద్ద విషయమంట."

బావ చాలా మెల్లగా, "అది అడవిలో యాడ పుట్టింది బావా? అది నేనే గదా" అన్నాడు.

నాకు అర్థం కావడానికి రెండు బొమ్మలు దాటాయి. అర్థమయ్యాక చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "సుమ్మా ఉండు, నోరెత్తొద్దు! శుక్రవారం పోనీ. సోమవారం నీ ఫైలు పోతాది. ఆ గోధుమ యాడ పుడితే నీకేంది?"

"నాకేమీ లేదా?" అన్నాడు.

నేను ఆ రోజు ఇచ్చిన సలహాకు ఇప్పటికీ సిగ్గుపడను. తెలివైనవాడు ఎవడైనా అదే ఇస్తాడు. గురువారం పొద్దున అతను డబ్బాలన్నీ ఒక తట్టలో పెట్టుకొని డాక్టర్ సార్ గది ముందు నిలబడ్డాడు. ఆపడానికని నేనూ వెనకాలే వెళ్ళాను, చేతిలో స్పానరుతో.

"సార్, ఒక మాట. ఇది పుట్టుకతోనే ఇట్లాంటిది కాదు."

"ఏది?"

"అల్లు... ఈ గోధుమ. నేను పెంచినాక ఇట్లా అయ్యింది." బల్ల మీద కాగితం పరిచి, తెల్లదారం డబ్బా తీశాడు. "ఇది సంచులుండిన ఏడు." కంకిని వేళ్ళతో అలా నిమిరాడో లేదో ముక్కలు ముక్కలై కాగితం మీద పడింది. పచ్చదారం డబ్బా తీశాడు. "ఇది సంచుల ఫైలు నిలిచిపొయ్యినాక ఆరో ఏడు." సగం రాలింది, సగం నిలిచింది. ఎర్రదారం. "ఇది పోయినేడు." నిమిరాడు, లాగాడు, దులిపాడు. కంకి కంకిలాగే ఉంది.

డాక్టర్ సార్ మొహంలో మైసూరుపాకు తాలూకు సంతోషం ఎక్కడా మిగల్లేదు. "ఏరొద్దని తలుపు మీద రాశాను కదయ్యా!"

"నేను చదవలేను గదా సార్."

"సరే, జరిగింది జరిగింది. ఇప్పుడెందుకు చెబుతున్నావు? ఎల్లుండి, కాదు, రేపే కదా మంత్రిగారు వచ్చేది? నీ ఫైలు సంగతి కూడా నీకు గుర్తులేదా?"

"ఉండాది సార్. గుర్తుండే వచ్చినా." బావ ఎర్రదారం కంకిని పట్టుకునే ఉన్నాడు. "దానంతట అదే ఇట్లా పుట్టిందని మీరు రేపు అందరికీ చెప్తే, నా పంతొమ్మిదేళ్ళు యాడకి పొయ్యినట్టు?"

అనివార్య పరిపాలనా కారణాల వల్ల సమావేశం వాయిదా పడిందని సాయంత్రం నోటీసు పెట్టారు. సోమవారం ఒక ఫైలు కదిలిన మాట నిజమే. అది బావకు మెమో. అమూల్యమైన నమూనాను అజాగ్రత్త వల్ల పాడుచేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

సంజాయిషీ నేను రాశాను. వరండాలో అన్నం గిన్నె పక్కన కాగితం పెట్టుకొని, "అజ్ఞానం వల్ల తప్పు జరిగింది, దయచేసి మన్నించండి అని రాస్తాం. దిగిరాక తప్పదు" అన్నాను.

"తప్పని రాయొద్దు."

"అట్లయితే పని పోతాది, బావా."

"రాలనిది దాచినా అని రాయి. అంతకన్నా నేనేం చేసినా?"

అదే రాశాను. మూణ్ణెల్ల గడువు ముగిసింది. ఆ ఒకరోజు విరామం తర్వాత మళ్ళీ చేర్చుకోలేదు. అలా, రిటైరు కాకుండానే, ఆగిపోయాడు.

ఏడాదిన్నర గడిచింది. డాక్టర్ సార్ సామాన్యుడా? పాత వ్యాసం చింపి కొత్తది రాశాడు. మూసిన గదిలో అడవి గోధుమ పంటగోధుమగా మారడాన్ని ఏటేటి డబ్బాలతో సహా తన బృందం గమనించిందట. కింద కృతజ్ఞతలు. నిధులిచ్చినవాళ్ళకు, విద్యుత్ శాఖకు, చివరికి చల్లగది యంత్రాన్ని చూసుకున్నవాడికి కూడా. అంటే నాకు! నాకు పేరు వచ్చింది, పాపం ఇనీషియలుతో సహా. బావ గురించి ఒక్క ముక్క ఉంది. శిక్షణ లేని సిబ్బంది తెలియకుండా చేసిన ఎంపిక వల్ల ఈ మార్పు వచ్చిందని.

కాగితం పట్టుకొని ఒర్లియంపేటకు పోయి చదివి వినిపించాను. బావ భార్య వక్కాకు పళ్ళెం అక్కడే వదిలేసి వచ్చి నిలబడింది. "తెలియకుండా అంటే? ఈయన నిదర్లో చేసినాడంటనా?" అని అడిగింది. బావ నా పేరున్న చోట వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. "బాగుండాది" అన్నాడు. ఆ రోజు నేను ఆ కాగితాన్ని ఇంటికి తీసుకుపోలేకపోయాను.

ఆ తరువాత మూడేళ్ళకు ఒక మధ్యాహ్నం డాక్టర్ సార్ స్వయంగా ఒర్లియంపేట సందులోకి వచ్చాడు. కారు సందులోకి పట్టక, మొదట్లోనే దిగి నడిచాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. వ్యాసం చదివిన విదేశీయులెవరో, అదే పని మళ్ళీ చేసి చూపించమన్నారట. శిక్షణ ఉన్న ఇద్దరిని పెట్టి, సంచులు లేకుండా, పాత పొట్లంలో మిగిలిన గింజలతో మూడు పంటలు వేశారట. ఎంత ఏరినా గింజ రాలడం తగ్గడం లేదట.

కుర్చీలో కూర్చొని నోటుపుస్తకం తెరిచాడు. "చెప్పవయ్యా. ఏ కంకిని ఎలా ఎంచుకునేవాడివి? ఎన్నాళ్ళకు నిమిరేవాడివి? ఎంత గట్టిగా? ఒక్కొక్కటిగా చెప్పు, రాసుకుంటాను."

బావ చేతులు కట్టుకొని నిలబడే ఉన్నాడు. "నాకేం తెల్సు సార్? తెలియకుండా చేసినానని మీరే గదా రాసినారు!"

"అది మా సైన్సులో అలవాటుగా రాసే మాట. నువ్వు మనసులో పెట్టుకోకు."

"మనసులో ఏమీ లేదు సార్. మీరు కాఫీ తాగండ."

ఇంకో గంట అడిగాడు. బతిమాలాడు, ఒకసారి కోప్పడ్డాడు కూడా. బావ ప్రతిసారీ ఎంతో మర్యాదగా, నాకు తెలియదు సార్ అన్నాడు. నాకైతే చెప్పలేనంత ఆనందంగా ఉంది. పంతొమ్మిదేళ్ళ తర్వాత అతని ముందు ఒకడు నోటుపుస్తకం పట్టుకొని కూర్చున్నాడు, ఆ పుస్తకంలో ఒక్క అక్షరం పడలేదు. డాక్టర్ సార్ లేచి వెళ్ళిపోయాడు. సందు చివర కారు తలుపు పడిన చప్పుడు వినపడింది.

"భలే దెబ్బ కొట్టినావు బావా!" అన్నాను. "నువ్వు చచ్చినా చెప్పగాకు!"

బావ నా సంతోషంలో కలవలేదు. డాక్టర్ సార్ ముట్టని కాఫీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"దెబ్బ ఏంది బావా! చెప్పేదానికి అది మాటల్లో యాడ ఉండాది? పక్కన నిలబడి చూపించాల. ఒక్క పంటకి రా అనుంటే, ఇట్లానే లేచి పోయుంటా. కూలికే పోయుంటా." వాకిలి వైపు చూశాడు. "రమ్మనలేదే. చెప్పమనే గదా అన్నాడు."